నొగ బరువు

అరోరా, ఇల్లినాయ్
6 మే 1984

అన్నయ్యకి, బాలమణి నమస్కారాలు.

మొన్న ఫోనులో నువ్వు "ఏంటే, గొంతు అలా ఉంది" అంటే జలుబన్నాను. జలుబు కాదు, భయం. ఇక్కడ ఫోను వంటింటి గోడకి ఉంది. జయంతి కూర తరుగుతూ అన్నీ వింటుంది. కోడలు మంచిదే, కానీ కొన్ని మాటలు ఒక్క చెవిలోనే చెప్పుకోవాలి. అందుకని ఉత్తరం.

మా రామమోహన్ చక్రాలున్న ఇల్లు కొన్నాడు. ట్రావెల్ ట్రైలర్ అంటారట. పద్దెనిమిది అడుగుల పొడవు. లోపల మంచాలు, పొయ్యి, సింకు, ఓ మూల మరుగుదొడ్డి. ఇంటి ముందు నిలబెడితే మా కారు దాని పక్కన దూడలా ఉంది. జూన్ పదహారున దీన్ని కారుకి తగిలించుకుని పది రోజులు కొలరాడో కొండలకి వెళ్తాం. వాళ్ళిద్దరూ, మనవరాలు రేణూ, నేనూ.

దీన్ని అమ్మినాయన పాతకాలపు పెద్ద స్టేషన్ వాగన్‌తో లాగేవాడు. మావాడికీ అలాంటిదే ఉండేది. పెట్రోలు తాగేస్తోందని రెండేళ్ళ కిందట అమ్మేసి చిన్నది కొన్నాడు. "ఈ కారు దీన్ని లాగుతుందా నాయనా?" అన్నాను. "అమ్మా, బ్రోషర్‌లో ట్రైలర్ వెయిట్ ట్వంటీనైన్ హండ్రెడ్ పౌండ్స్. కార్ లిమిట్ థర్టీఫైవ్ హండ్రెడ్. ఇంకా సిక్స్ హండ్రెడ్ మార్జిన్ ఉంది. నువ్వు టెన్షన్ పడకు" అన్నాడు. అంకెలు చెప్పాక నేనేం అంటాను? కానీ తగిలించగానే కారు వెనక భాగం కుంగి, ముక్కు ఆకాశంలోకి లేచింది.

బండి వెనక బండి అంటే నాకెందుకు భయమో నీకు చెప్పక్కర్లేదు. ఆయన పోయి ఇరవై నాలుగేళ్ళయినా ట్రాక్టరు వెనక ట్రాలీ కనబడితే రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్ళిపోతాను. ఆ మాట వాడితో అనలేను. వాళ్ళ నాన్న వేగంగా తోలి ప్రాణం పోగొట్టుకున్నాడని ఊరంతా అంటుంటే వింటూ పెరిగినవాడు. ఈ రోజుకీ కారుని యాభై ఐదు మైళ్ళు దాటనివ్వడు.

నువ్వు రైసు మిల్లులో ముప్పై ఏళ్ళు కాటా దగ్గర కూచున్నావు. ఎన్ని బళ్ళు, ఎన్ని ట్రాలీలు ఎత్తించావో. బరువు సంగతి నీకంటే తెలిసినవాళ్ళు నాకు లేరు. ఏం చెయ్యాలో రాయి.

నీ చెల్లెలు
బాలమణి

నోవై, మిషిగన్
14 మే 1984

చిరంజీవి బాలమణికి అన్నయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. మే నెల వచ్చినా నా మోకాళ్ళు మాత్రం ఇంకా జనవరిలోనే ఉన్నాయి. మా అమ్మాయి శశికళ రోజూ వాటికి ఏదో పుదీనా వాసన మందు రాస్తుంది. నేను నడిచి వెళ్తే వెనకాల చట్నీ వాసన వస్తోందని పక్కింటావిడ అనుకుంటుందేమో.

అల్లుడు కార్ల కంపెనీలో ఇంజనీరు కదా, అతన్నే అడగచ్చు కదా అంటావు. బాలమణీ, గోపాల్ తొమ్మిదేళ్ళుగా కారు తలుపు గొళ్ళెం గీస్తున్నాడు. ఒక్క గొళ్ళెం! మన ఊరి కమ్మరి పూటకి నాలుగు చేసి, మధ్యలో చుట్ట కూడా కాల్చుకునేవాడు. గొళ్ళేలాయన్ని పట్టుకుని బరువు గురించి అడగమంటావా? నేను నాలుగో తరగతితో బడి మానేసిన మాట నిజమే. కానీ కాటా దగ్గర చదువుకున్న చదువు ఏ కాలేజీలోనూ లేదు.

ముందు మీవాడి అంకె సంగతి. బ్రోషర్‌లో రాసింది ఖాళీ బండి తూకం. ఖాళీ బండిలో ఎవరు ప్రయాణం చేస్తారు? మిల్లుకి బండి రాగానే నేనేం చేసేవాణ్ణి? సరుకుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచేవాణ్ణి. మామిళ్ళపల్లి నుంచి ఒకడు వచ్చేవాడు. సరుకుతో తూచేటప్పుడు బండి మీద కూచునేవాడు, ఖాళీ బండి తూచేటప్పుడు బీడీ నెపంతో దిగిపోయేవాడు. ప్రతిసారీ మనిషి బరువు ధాన్యంలో కలిసేది. రెండేళ్ళకి పట్టుకున్నాను, అదీ వాడు లావెక్కడం మూలాన. ఇంతకీ చెప్పొచ్చేదేమంటే, మీరు సర్దే ప్రతి గిన్నే బరువే. నీళ్ళ టాంకూ బరువే.

ఇక కారు కుంగిన సంగతి. ఎద్దుబండికి నొగ ఉంటుంది గుర్తుందా, బండి నుంచి కాడి దాకా వచ్చే దూలం? ముందు బరువు ఎక్కువైతే నొగ కిందికి దిగి కాడి ఎద్దు మెడ మీద కూచుంటుంది. ఎద్దు మెడ పుండవుతుంది. అప్పుడేం చేస్తాం? బస్తాలు వెనక్కి జరుపుతాం, మెడ తేలికవుతుంది. మీ కారూ అంతే. మీ ట్రైలరుకి కూడా ముందు ఒక నొగ ఉంటుంది, కారుకి తగిలేది. బరువైనవన్నీ వెనక గదిలో పెట్టించు. కారు లేచి సమంగా నిలబడుతుంది. ఇందులో భయపడేదేమీ లేదు.

మీ అన్నయ్య
వీరాంజనేయులు

అరోరా
27 మే 1984

అన్నయ్యకి నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే చేశాను. యాభై పౌన్ల బియ్యం సంచులు రెండు, కందిపప్పు, ఆవకాయ జాడీలు, స్టీలు గిన్నెలు అన్నీ చిట్టచివర మంచం కింద అరలోకి చేరాయి. కారు సమంగా నిలబడింది. రామమోహన్ చుట్టూ తిరిగి చూసి, "మావయ్యకి టెలిగ్రామ్ ఇవ్వాలి అమ్మా" అని నవ్వాడు.

నీకు మాత్రమే చెబుతున్నాను. మద్రాసు నుంచి ఓడలో తెప్పించిన గ్రైండరు కూడా అక్కడే ఉంది. రాయి, దాని ట్రాన్స్‌ఫార్మరు అంతా కలిపి డెబ్బై పౌన్లకి తక్కువుండదు. జయంతి వద్దంది. "అత్తయ్యగారూ, పది రోజులేగా, బ్రెడ్ తిందాం" అంది. పిల్లకి పది రోజులు బ్రెడ్డా! రాయి విడదీసి, రేణు ఎర్ర బొమ్మబండిలో పెట్టి ఇద్దరం లాక్కెళ్ళాం. చెప్పనని రేణు ఒట్టేసింది. పైన దుప్పట్లు కప్పాం.

అయితే అన్నయ్యా, మొన్న గురువారం పరీక్షకని టోల్ రోడ్డు మీద కాసేపు తిప్పాం. నలభైలో బాగానే ఉంది. యాభై దాటాక పక్క నుంచి పెద్ద లారీ పోయింది. అంతే, వెనకాల ట్రైలరు చేప తోకలా ఆడింది. రెండు మూడుసార్లు. కారు వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని అటూ ఇటూ లాగినట్టయింది. రామమోహన్ గాలి అన్నాడు. రేణు ఉయ్యాల అని చప్పట్లు కొట్టింది. నేను మాత్రం ముందు సీటుని రెండు చేతులా పట్టుకున్నాను.

ఆయన పోయిన రోజు కాలవ కట్ట మీద గడ్డి కోసుకుంటున్నావిడ మన ఇంటికొచ్చి అన్న మాట గుర్తొచ్చింది. "అమ్మా, ట్రాలీ తోక ఊపిందమ్మా" అంది. అప్పుడు నాకేమీ అర్థం కాలేదు. ఎవరూ ఆ మాట పట్టించుకోలేదు కూడా. నువ్వా రోజు మిల్లులోనే ఉన్నావు. ఇన్నేళ్ళలో ఆ పూట గురించి నువ్వు నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. అన్ని కథలు చెబుతావే, ఆ ఒక్కటీ చెప్పవు.

ఈ తోక ఊపడం ఏమిటో నీకు తెలుసా?

బాలమణి

నోవై
3 జూన్ 1984

చిరంజీవి బాలమణికి,

నీ ఉత్తరం అందింది. గాలే అయి ఉంటుంది. ఈ దేశంలో గాలి మనలాగా అడిగి రాదు.

పాత సంగతులు ఇప్పుడెందుకు? నిన్న శశికళ నన్ను ఒక పెద్ద అంగడికి తీసుకెళ్ళింది. అక్కడ కుక్కలకి బిస్కట్లు, పిల్లులకి డబ్బాల్లో చేప కూర. ఒక నడవ పొడుగునా అవే. నేను కళ్ళజోడు మర్చిపోయి మనుషులవే అనుకుని రెండు డబ్బాలు బండిలో వేశాను. తర్వాత ఆ వివరం ఎప్పుడైనా రాస్తాను. ఇవాళ చెయ్యి నొప్పిగా ఉంది.

నెమ్మదిగా వెళ్ళమను.

వీరాంజనేయులు

నోవై
11 జూన్ 1984, సోమవారం

బాలమణికి,

ఇది కూచుని చదువు. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని చదువు.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. గాలి అని రాశాను గానీ, ఆ మాట రాసిన చెయ్యే నమ్మలేదు. శనివారం సిగ్గు వదిలి గోపాల్‌ని అడిగాను. "మావయ్యగారూ, బరువు ఎక్కడ పెట్టారు?" అన్నాడు. వెనక అన్నాను. గోపాల్ వాళ్ళబ్బాయి బొమ్మ కారుకి చిన్న ట్రైలరు తగిలించి, గరాజులో ఒక పలక ఏటవాలుగా ఆనించాడు. ట్రైలరు ముందు భాగంలో ఒక ఇనప నట్టు పెట్టి వదిలాడు. కారు గీత గీసినట్టు దిగింది. అదే నట్టు వెనక పెట్టి వదిలాడు. సగం దిగేసరికి ట్రైలరు తోక ఊపింది. ఒకటి, రెండు, మూడో ఊపుకి కారునే పక్కకి లాగి పల్టీ కొట్టించింది. మళ్ళీ చెయ్యమన్నాను. మళ్ళీ అలాగే అయింది. మూడోసారి అడగలేదు.

"ఎద్దు గంటకి రెండు మైళ్ళు నడుస్తుంది మావయ్యగారూ. ఇది యాభై ఐదు. నొగ తేలికైతే ట్రైలరు వెనకాల రావడం మానేసి కారునే తోలుతుంది. వెనక బరువు ఎక్కువైతే లాగే బండి వెనక చక్రాలు కూడా పైకి లేస్తాయి, రోడ్డు మీద పట్టుండదు. మొత్తం బరువులో పదో వంతుకి తక్కువ కాకుండా నొగ మీద పడాలి. ఆ పదో వంతుని కారు మొయ్యలేకపోతే ఆ కారుకి ఆ ట్రైలరు తగదు, అంతే" అన్నాడు. గొళ్ళేలాయన.

నిన్న ఫోను చేసినప్పుడు గోపాల్ మీవాడితో మాట్లాడాడు, బరువు ఎక్కడుందో చూసుకుని కాటా వేయించమన్నాడు. "లిమిట్ లోపలే ఉందండీ, బ్రోషర్ ఉంది" అన్నాడట. ట్రైలరు బ్రేకులకి వైరు కలిపారా అంటే, వచ్చాక కలుపుతానన్నాడట. గ్రైండరు సంగతి నేను గోపాల్‌కి చెప్పలేదు. చెబితే అవన్నీ వెనక పెట్టమన్నదెవరని అడుగుతాడు. తర్వాత నేను ఫోను అందుకున్నాను. "గ్రైండరు" అన్నాను. నువ్వు "ఇక్కడ జలుబులు తగ్గాయి అన్నయ్యా" అన్నావు. జయంతి పక్కనే ఉందని అర్థమైంది. నేనూ ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు అలవాటే.

ఇప్పుడు ఆ పూట సంగతి.

అరవైలో, ఫిబ్రవరి. రత్నం బావ ట్రాక్టరు తీసేసరికి ట్రాలీ కొక్కేనికి సన్నటి పగులు కనిపించింది. కొత్తది వేసేదాకా కదలనన్నాడు. స్టేషన్లో మా మిల్లు సరుకు కోసం రైలు వాగను ఎదురు చూస్తోంది. "కొక్కెం మీద బరువు పడకుండా నేను సర్దుతాగా" అన్నాను. నలభై బస్తాలు. ముందంతా ఖాళీ వదిలి వెనక్కి పేర్పించాను. రత్నం చూసి, "బావా, వెనక ఎక్కువైనట్టుందే" అన్నాడు. "కాటా దగ్గర కూచునేది నువ్వా, నేనా?" అన్నాను. నవ్వి ఎక్కాడు.

కట్ట దిగుడులో ట్రాలీ ఆయన్ని కాలవలోకి తోసేసింది.

వేగంగా తోలాడు అన్న మాట మొదట అన్నదెవరో నీకు తెలియదు. నేనే. శవం ఇంకా ఒడ్డున ఉండగానే అన్నాను. నమ్మే అన్నాననుకుంటూ ఇన్నాళ్ళు వచ్చాను. మొన్న గరాజులో ఆ బొమ్మ పల్టీ కొట్టినప్పుడు, నమ్మలేదని తెలిసింది.

నువ్వు నాతో జన్మలో మాట్లాడకపోయినా సరే, గ్రైండరూ బియ్యం దింపించు. అక్కడ ధాన్యం కొనేవాళ్ళ దగ్గర పెద్ద కాటాలుంటాయట, తూకం వేయించు. ఒకవేళ దారిలో ఉండగా తోక ఊపితే మీవాణ్ణి బ్రేకు తొక్కనివ్వకు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసి, స్టీరింగు తిన్నగా గట్టిగా పట్టుకోవాలి. దానంతట అదే నెమ్మదించాలి. గోపాల్ చెప్పినది అక్షరం మార్చకుండా రాశాను.

పదహారులోపు ఇది నీకు చేరాలి.

వీరాంజనేయులు

నోవై
15 జూన్ 1984, శుక్రవారం

బాలమణికి,

పొద్దుట్నుంచి నాలుగుసార్లు ఫోను చేశాను. మోగుతూనే ఉంది. రేపు కదా ప్రయాణం? గోపాల్ ఆఫీసు నుంచి ఫోను చేసి, రామమోహన్‌కి ఒక రోజు ముందే సెలవు దొరికిందేమో అన్నాడు.

తీసేవాళ్ళు లేని పెట్టెలోకి రాస్తున్నాను. ఏం రాయాలో తెలియడం లేదు. ఉత్తరం అందిందా? ఆ ఒక్కటీ చెప్పు.

వీరాంజనేయులు

మిసిసిపీ నది ఒడ్డున ఒక ఊరు, ఇల్లినాయ్
15 జూన్ 1984

అన్నయ్యకి,

నీ ఉత్తరం ఈ పొద్దున అందింది. రామమోహన్‌కి సెలవు దొరికిందని ఇవాళే బయల్దేరాం. కారు కదలబోతుంటే పోస్టు మనిషి ఎదురొచ్చాడు. రేణు దిగి తెచ్చిచ్చింది. నీ దస్తూరీ చూసి, దారిలో నవ్వుకుంటూ చదువుకోవచ్చని సంచిలో పెట్టుకున్నాను.

రెండు గంటలు పోయాక విప్పాను. వెనక సీటులో కూచుని చదివాను. నా వెనకాలే ఆ ఇల్లు వస్తోంది. నువ్వు రాసిన బొమ్మ కారు దగ్గరికి వచ్చేసరికే వెనక్కి తిరిగి ఆ ఇంటి కేసి చూశాను. ఆయన సంగతి చదువుతున్నప్పుడు నాకేమైందో రాయలేను. చివరి దాకా చదివాను. కాగితం మడిచాను. "నాయనా, పక్కన ఆపు" అన్నాను.

"ఏంటమ్మా, బాత్రూమా? పది నిమిషాల్లో ఎగ్జిట్ వస్తుంది" అన్నాడు.

నది వైపు దిగుడు మొదలైంది. పక్క నుంచి లారీ పోయింది. ట్రైలరు ఊపింది. ఈసారి చేప తోక కాదు అన్నయ్యా. ఒక ఊపుకి కిటికీలో నాకు ట్రైలరు పక్క గోడ మొత్తం కనిపించింది. జయంతి "రామ్, బ్రేక్, బ్రేక్!" అని అరిచింది. వాడి కాలు లేవడం చూశాను.

నేను ఎప్పుడూ అరవని అరుపు అరిచాను. "బ్రేకు తొక్కకు! కాలు తీసెయ్! తిన్నగా పట్టుకో!" వాడు ముప్పై నాలుగేళ్ళవాడు, తల్లి మాట వినడం మానేసి చాలా కాలమైంది. ఎందుకో విన్నాడు. చేతులు బిగించి కూచున్నాడు. ఇంకో ఊపు. ఇంకోటి. ఇంకోటి కొంచెం చిన్నది. తర్వాత ఒక్కో ఊపూ తగ్గుతూ వచ్చింది. రోడ్డు పక్కకి చేరి ఆగాం. రేణు, "నానమ్మా, మనం ఓకేనా?" అంది.

"ఎలా తెలుసమ్మా నీకు?" అన్నాడు వాడు. "మీ మావయ్య రాశాడు" అన్నాను. అంతకంటే చెప్పలేదు.

పాకుతున్నట్టు నడిపి ఈ ఊళ్ళో ధాన్యం కాటా దగ్గరికి వచ్చాం. అక్కడ నీ వయసాయనే, నీలాగే చెవి వెనక పెన్సిలు. తూకం చీటీ ఇందులో పెడుతున్నాను. ట్రైలరు నాలుగు వేల రెండు వందల అరవై పౌన్లు. నీ లెక్కలో, డెబ్బై ఐదు కిలోల బస్తాలు ఇరవై ఆరు. కారు లాగగలిగింది ఇరవై ఒకటి. నొగ మీద పడింది నూట తొంభై పౌన్లు, మీ అల్లుడు చెప్పిన పదో వంతులో సగం కూడా లేదు. రామమోహన్ బ్రోషర్ తీసి ఆయనకి చూపించాడు. ఆయన చదివి మడిచి, "ఇది ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు బరువు" అన్నాడు.

"వెనక ఏముంది?" అని అడిగాడు. నేనే వెళ్ళి దుప్పట్లు తీశాను. జయంతి గ్రైండరు కేసి చాలాసేపు చూసింది. "ఇడ్లీ కోసమా అత్తయ్యగారూ?" అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రాయి మీదే కూచుని, రేణుని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది.

బరువు ముందుకి జరుపుతానన్నాడు రామమోహన్. ఆ పెద్దాయన కారు మీద అంటించిన చీటీ చూపించాడు. నొగ మీద మూడు వందల యాభైకి మించి ఈ కారు మొయ్యలేదు. వెనక పెడితే ఊగుతుంది, ముందు పెడితే కారు తట్టుకోదు. ఎంత సర్దినా ఈ కారుకి ఈ ఇల్లు తగదు. ట్రైలరుని ఆయన దొడ్లోనే వదిలేశాం. రేపు ఉత్త కారులో ఇంటికి పోతాం.

ఇక నీకు.

ప్రతి ఏడూ ఆయన తద్దినానికి వంట చేస్తూ మనసులో ఒకటే అనేదాన్ని. కాస్త నిదానంగా తోలి ఉండకూడదా, నన్నూ ఈ పసివాణ్ణీ తలుచుకుని ఉండకూడదా అని. ఇరవై నాలుగు తద్దినాలు. చనిపోయిన మనిషిని అన్నం పెడుతూ తిట్టాను.

వెనక్కి జరపమన్న ఉత్తరం నీదే. కాలు తీసెయ్యమన్న ఉత్తరమూ నీదే. రెండూ నా సంచిలోనే ఉన్నాయి. నిన్నేమనాలో నాకు తెలియడం లేదు. తెలిసేదాకా నాకు రాయకు.

రామమోహన్‌కి రాయి. వాళ్ళ నాన్న గురించి. కథలు వద్దు.

బాలమణి

నోవై
20 జూన్ 1984

చిరంజీవి రామమోహన్‌కి,

మీ నాన్న వేగంగా తోలలేదు.

ఆ రోజు ట్రాలీలో బస్తాలు పేర్పించింది నేను. వెనక బరువు ఎక్కువైందని మీ నాన్న నాతో చెప్పాడు. నేను వినలేదు. మీ నాన్న పోయాక, వేగంగా తోలాడని ఊళ్ళో మొదట అన్నది నేను. అది అబద్ధం. ఊరి నోట అది నీ చెవిన పడుతూ నువ్వు పెరిగావు. నేను చూస్తూ ఊరుకున్నాను.

నేను కాటా గది కిటికీలోంచి చూశాను. మిల్లు గేటు నుంచి కట్ట మొదలు దాకా మీ నాన్న వెనకాల ఒక సైకిలాయన వచ్చాడు. ట్రాక్టరు అంత నెమ్మదిగా పోతుంటే విసుగొచ్చి, దారి ఇమ్మని ఆయన బెల్లు కొడుతూనే ఉన్నాడు. మీ నాన్న వెనక్కి తిరిగి, చేత్తో ముందుకి పొమ్మని సైగ చేశాడు. సైకిలు దాటిపోయింది.

ఆ బెల్లు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మీ మావయ్య
వీరాంజనేయులు